జలాశయం పక్క ఊరికి వాటా ఏది?

యారాడ కొండ మీద నిలబడితే విశాఖ దాహం ఎంతటిదో తెలుస్తుంది. ఒక పక్క 1933లో మొదలైన రేవు, దాన్నానుకుని నౌకాదళం, చమురు శుద్ధి కర్మాగారం. ఇంకో పక్క ఉక్కు కర్మాగారం, గంగవరం పోర్టు. ఇంత నగరానికి చెంతన ఒక్క జీవనదీ లేదు. యారాడకైతే మూడు వైపులా కొండలు, నాలుగో వైపు ఉప్పునీళ్లే. విశాఖ తాగేదీ, కర్మాగారాలు వాడేదీ చాలావరకు ఊరి బయటి నుంచే వస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనికి అడ్డంగా విజయనగరం జిల్లాలో కట్టిన తాటిపూడి, శారద మీద దేవరాపల్లి మండలంలో కట్టిన రైవాడ, పెందుర్తి దగ్గరి మేఘాద్రిగెడ్డ, 150 కిలోమీటర్లకు పైగా కాలువ ప్రయాణం చేసి వచ్చే ఏలేరు నీళ్లు, వాటికి తోడు గోదావరి. ఉక్కు కర్మాగారానికి ఆ ఏలేరు నీళ్లు కణితి జలాశయంలో నిలవ ఉంటాయి.

ఇన్ని జలాశయాల పక్కన ఊళ్లున్నాయి. ఆ ఊళ్లకు పంచాయతీలున్నాయి, సర్పంచులున్నారు. నీళ్లు తరలిపోతున్నందుకు ఆ పంచాయతీల ఖాతాలో జమయ్యేది ఏమిటి? నాకు తెలిసి, ఏమీ లేదు. నగరపాలక సంస్థ చెల్లించాల్సింది జలవనరుల శాఖకు. ఆ లెక్కలో ఊరి పేరు ఎక్కడా రాదు.

రైవాడ సంగతే చూడండి. అది సాగు కోసం కట్టిన ప్రాజెక్టు. తర్వాత అందులో నీరు నగరం వైపు మళ్లింది. రైవాడ నీళ్లు రైతులకే ఇవ్వాలన్న డిమాండు ఏళ్ల తరబడి నడుస్తోంది. ఎన్నికలొస్తే హామీ అవుతుంది, ఎన్నికలయ్యాక మళ్లీ డిమాండుగా మిగులుతుంది. ఇక జలాశయం ఎగువన ఉన్న అనంతగిరి మండలం గూడేల వాళ్లు నాటు పడవల మీద ప్రాణాలు అరచేత పెట్టుకుని ఆ నీళ్లు దాటడం మన పత్రికలకు కొత్త వార్తేమీ కాదు. లక్షల ఇళ్ల కుళాయిలకు నీళ్లందించే జలాశయం మీద ఒక వంతెనో, కనీసం ఒక మంచి లాంచీయో ఎందుకు లేదంటే ఎవరి ఖాతాలోంచి ఖర్చు పెట్టాలో తేలదు.

ఇదే సమస్య ఫ్రాన్సులోనూ వచ్చింది. వాళ్లు దాన్ని ఇంకోలా తేల్చుకున్నారు. అక్కడ దాదాపు 35 వేల కమ్యూన్‌లున్నాయి. మన పంచాయతీతో పోల్చదగ్గ అట్టడుగు స్థానిక సంస్థలవి. వాటిలో సగానికి పైగా 500 మంది జనాభా కూడా లేనివే. వెర్డాన్ నది మీద సెంత్-క్రువా ఆనకట్ట కట్టినప్పుడు లే సాల్ అనే పాత ఊరిని కూల్చేసి 1974లో నీట ముంచారు. ఊరివాళ్లు ఎదిరించారు, ఓడిపోయారు. అందుకని ఫ్రాన్సును ఆదర్శంగా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కానీ ఎత్తున కొత్త ఊరు కట్టాక దానికి పాత కమ్యూన్ హోదా, మేయరు, సొంత బడ్జెట్ అన్నీ దక్కాయి. నివాసులు కొన్ని వందల మందే. జలవిద్యుత్ కేంద్రం మీద విధించే స్థానిక పన్నును అది ఉన్న ఊరొక్కటే తీసుకోదు. ఆ నది, ఆ కట్టడాలు ఎవరి హద్దుల్లో ఉన్నాయో ఆ కమ్యూన్లకు పంచే పద్ధతి చట్టంలోనే ఉంది. సెర్-పోన్సాన్ అనే మరో పెద్ద జలాశయం ఒడ్డును చూసుకునే ఉమ్మడి సంస్థలో చుట్టుపక్కల స్థానిక సంస్థలకూ చోటుంది.

మన దేశంలో ఈ సూత్రం లేదా అంటే, ఉంది. 2008 జలవిద్యుత్ విధానం ప్రకారం రాష్ట్రానికి 12 శాతం ఉచిత విద్యుత్తు కాక, మరో శాతం స్థానిక ప్రాంత అభివృద్ధి నిధికి పోవాలి. 2015లో గనుల చట్టాన్ని సవరించి, తవ్వకాల వల్ల దెబ్బతిన్న ప్రాంతాల కోసం జిల్లా ఖనిజ నిధి పెట్టారు. బొగ్గు తీస్తే వాటా, కరెంటు తీస్తే వాటా. మరి నీళ్లు తీస్తే?

ఆనకట్ట కట్టింది ప్రభుత్వ సొమ్ముతో కదా అని అధికారులు అంటారు. ఖనిజం కూడా ప్రభుత్వానిదే. అయినా అక్కడ వాటా ఒప్పుకున్నారు. నగరం మీద భారమనే వాదన ఇంకా బలహీనం. ఇంటి కుళాయిని వదిలేసి, పరిశ్రమలకు ఇచ్చే నీటి ధరలో చిన్న భాగం తీసినా చిన్న పంచాయతీకి అది పెద్ద మొత్తమే. అసలు భయం వేరే చోట ఉంది: ఆ డబ్బు ఊరిదాకా చేరుతుందా? ఖనిజ నిధి మీద నిర్ణయాలు జిల్లా కేంద్రంలోనే జరుగుతున్నాయన్న ఫిర్యాదు ఉంది. కొన్నేళ్ల కిందట 15వ ఆర్థిక సంఘం సిఫార్సుతో పంచాయతీలకు వచ్చిన నిధులను కరెంటు బకాయిల కింద సర్దేస్తే సర్పంచులు రోడ్డెక్కాల్సి వచ్చింది. కనుక వాటా పేరుతో ఇంకో జిల్లా నిధి పెట్టి చేతులు దులుపుకుంటే ఒరిగేదేమీ ఉండదు. డబ్బు నేరుగా పంచాయతీ ఖాతాలో పడాలి, ఖర్చు గ్రామసభ తీర్మానంతో జరగాలి. అనంతగిరి లాంటి షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలకే అప్పగించాలని 1996 నాటి పెసా చట్టం ఎప్పుడో చెప్పింది. 73వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 11వ షెడ్యూలులో తాగునీరు, చిన్న నీటిపారుదల, చేపల పెంపకం మూడూ ఉన్నాయి.

విశాఖ ఎదుగుదల ఇతరుల మీద వేసిన భారం ఒక్క నీటితో ఆగలేదు. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. దాని కోసం 64 ఊళ్లు భూములిచ్చాయి. పునరావాసం కింద ఇచ్చిన ఆర్ కార్డులు పట్టుకుని నిర్వాసితులు ఉద్యోగాల కోసం దశాబ్దాలు తిరిగారు. భూమి విషయంలో ఒకసారి ఇచ్చి మరచిపోయే పరిహారం ఎంత చేటు చేసిందో అక్కడే చూశాం. నీళ్లు ఏటా పోతాయి, కాబట్టి చెల్లింపూ ఏటా జరగాలి.

మహా విశాఖ నగరపాలక సంస్థ వచ్చే బడ్జెట్‌లోనే తాటిపూడి, రైవాడ పక్క పంచాయతీలకు నీటి వాటా కింద ఒక పద్దు తెరవాలి. మొత్తం చిన్నదైనా ఫర్వాలేదు. రైవాడ దాటే గిరిజనులకు సరైన పడవ, లైఫ్ జాకెట్లు ఏర్పాటు చేయడం ఆ పద్దులో మొదటి ఖర్చు కావాలి.