మూడో స్పీకరు నాన్న కోసం

బోనస్ పడిన నెలలో ఆఫీసులో ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే: హోమ్ థియేటర్ రిసీవరా, స్టీరియో ఆంప్లిఫయరా? ఈసారి నాకే వచ్చింది. బడ్జెట్ స్పీకర్లతో కలిపి 80 వేలు. ఇల్లు సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో, హాలు 10 అడుగులకి 14.

స్టీరియో ఆంప్లిఫయర్ పని సింపుల్. ఎడమ, కుడి రెండు ఛానెళ్లని పెంచి రెండు స్పీకర్లకి పంపుతుంది, అంతే. రిసీవర్ అలా కాదు. సెట్‌టాప్ బాక్సు, గేమ్ కన్సోల్ అన్నీ హెచ్‌డీఎంఐతో దానికే కలుపుతాం. డాల్బీ, డీటీఎస్ సౌండుని విడదీసి 5 స్పీకర్లకీ సబ్‌వూఫర్‌కీ పంచుతుంది. మనమిచ్చే డబ్బు అన్ని పనులకీ చీలిపోతుంది కాబట్టి, అదే రేటులో పాటలకి స్టీరియోదే పైచేయి అని నా లెక్క. పైగా 1957 నాటి 'మాయాబజార్' పాటలు మోనో. ఉన్న ఒక్క సిగ్నల్‌నీ 5 స్పీకర్లలో తిప్పితే కొత్తగా వినిపించేదేం లేదు.

డబ్బా మీద వాట్లు చూసి మాత్రం పడిపోకండి. రిసీవర్ మీద పెద్దక్షరాల్లో ఉండే అంకె చాలాసార్లు ఒక్క ఛానెల్‌నే నడిపి, 10 శాతం డిస్టార్షన్ దాకా వదిలేసి కొలిచింది. 2 ఛానెళ్లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ అని చిన్నక్షరాల్లో ఉంటుందే, అది చదవండి. అయినా 50 వాట్లని 100 చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. అపార్ట్‌మెంట్ హాల్లో మామూలుగా వినడానికి ఒకటి రెండు వాట్లు చాలు, పక్క ఫ్లాటువాళ్లు కూడా అదే కోరుకుంటారు.

ఇంతవరకూ నా ఓటు స్టీరియోకే. కానీ ఇంట్లో నాన్న ఉన్నారు.

సినిమా నడుస్తుంటే రెండు నిమిషాలకోసారి "ఏమన్నాడ్రా?" అనేవారు. వాల్యూమ్ పెంచితే ఫైట్ రాగానే అమ్మ రిమోట్ లాక్కునేది. ఈమధ్య అడగడం మానేశారు. ఇంటర్వెల్ దాకా కూడా ఉండకుండా లేచి వెళ్లిపోతున్నారు.

వయసుతోపాటు ముందు తగ్గేది సన్నటి, హై ఫ్రీక్వెన్సీ శబ్దాల వినికిడి. స, ష, త లాంటి హల్లుల్ని గుర్తుపట్టేది వాటితోనే. మాట వినిపిస్తుంది, ఏం మాటో తెలీదు. 5.1 సినిమాలో డైలాగులు ఎక్కువగా సెంటర్ ఛానెల్‌లోనే ఉంటాయి. రిసీవర్‌కి సెంటర్ స్పీకరు తగిలిస్తే, ఫైట్లనీ మ్యూజిక్‌నీ ముట్టుకోకుండా ఆ ఒక్కదాన్నే 3, 4 డెసిబెల్స్ పెంచుకోవచ్చు. రెండు స్పీకర్లతో ఆ వీలుండదు. మాట మధ్యలోంచి వస్తున్నట్టు అనిపించేది కూడా సరిగ్గా మధ్యలో కూర్చున్నవాళ్లకే. నాన్న కుర్చీ కిటికీ పక్కన.

అందుకే రిసీవరే తీసుకుంటున్నా. అయిదు స్పీకర్లు మాత్రం వద్దు. మా హాల్లో సోఫా వెనక గోడే, స్పీకరు పెట్టే జాగా లేదు. డబ్బంతా ముందు మూడింటి మీదే: రెండు మంచి బుక్‌షెల్ఫ్‌లు, అదే సిరీస్‌లో ఒక సెంటర్. కంపెనీ మారితే గొంతు మారినట్టుంటుంది. పాటలకి స్టీరియో మోడ్ ఎలాగూ ఉంది. ప్రీ-అవుట్లు ఉన్న మోడల్ దొరికితే తర్వాత ఎప్పుడైనా స్టీరియో ఆంప్లిఫయర్ కలుపుకోవచ్చు, కానీ తక్కువ రేటు రిసీవర్లలో అవి తరచుగా ఉండవు.

మీ ఇంట్లో డైలాగుల గొడవ లేకపోతే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఉన్న స్టీరియో చూడండి. మరాంట్జ్ ఎన్ఆర్1200 లాంటివి టీవీకి నేరుగా కలుస్తాయి.

శనివారం పొద్దున నాన్నని ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి. అటునుంచి అటే షాపుకి. డెమోలో పాట వద్దని, మాటలు ఎక్కువున్న కోర్టు సీను పెట్టమంటా. నాన్నని మధ్య సోఫాలో కాకుండా పక్క కుర్చీలో కూర్చోబెడతా.