బొగ్గు దుమ్ము ఊడ్చే చేతులకు విలువేది?

పోర్ట్ బ్లెయర్‌లో ఉంటూ బొగ్గు గనుల గురించి ఎందుకు రాస్తున్నానని అడగొచ్చు. ఈ దీవుల్లో బొగ్గు గనులు లేవు. కానీ ఇక్కడ 'రాంచీలు' అని పిలిచే ఆదివాసులున్నారు. 1918 నుంచి ఒరావ్, ముండా, ఖరియా కూలీలను అడవి పనులకు ఛోటా నాగపూర్ నుంచి తెచ్చారు. అండమాన్‌లో వారికి నేటికీ ఎస్టీ గుర్తింపు లేదు. వారు వదిలివచ్చిన ఆ నేల కిందే బొగ్గు ఉంది. నేటి జార్ఖండ్‌లోని ధోరీ గనిలో 1965 మే 28న బొగ్గు దుమ్ము పేలి 268 మంది చనిపోయారు.

దీన్ని విధి రాత అనలేం. గనిలో మీథేన్ అంటుకుంటే మొదట చిన్న పేలుడు వస్తుంది. ఆ ఊపుకు నేల మీద, గోడల మీద పేరుకున్న దుమ్ము గాలిలోకి లేస్తుంది. మంట దాన్ని అందుకుని, ముందున్న దుమ్మును లేపుకుంటూ సొరంగాల వెంట దూసుకుపోతుంది. 1906లో ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనుల్లో 1,099 మంది చనిపోయింది బొగ్గు దుమ్ము పేలుడులోనే.

విరుగుడు దాదాపు వందేళ్లుగా తెలుసు. దుమ్మును తడపాలి, ఊడ్చి ఎత్తెయ్యాలి, మిగిలిన దానిపై సున్నపురాయి పొడి చల్లాలి. ఆ పొడి మంట వేడిని పీల్చుకుంటుంది. బొగ్గు తవ్వినంత కాలం దుమ్ము పడుతూనే ఉంటుంది కాబట్టి ఈ పనికి సెలవు లేదు.

ఇది ఊడ్చే పని, చల్లే పని. టన్నుల లెక్కలో కనిపించదు. మన సమాజంలో ఊడ్చే పనికి కులం ఉంది. పని చిన్నదైతే ఆ పని చేసే మనిషి మాటా చిన్నదే. 'ఇక్కడ పొడి చాలలేదు' అని అతడంటే షిఫ్టు ఆపేదెవరు?

కులం లేని అమెరికాలోనూ 2010 ఏప్రిల్‌లో అప్పర్ బిగ్ బ్రాంచ్ గని పేలి 29 మంది చనిపోయారు కదా అనొచ్చు. నిజమే. అక్కడ పొడి సరిగా చల్లలేదని దర్యాప్తు తేల్చింది. లాభాపేక్ష ఎక్కడైనా ఒకటే. ఇక్కడ దానికి కులం తోడవుతుంది.

1942–46లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ ధన్‌బాద్ వెళ్లి స్వయంగా గనిలోకి దిగారు. బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి 1944లో ఆయన హయాంలోనే వచ్చింది. ఆ దారిలో ఇంకో అడుగు వేద్దాం. సింగరేణి నుంచి ఝరియా దాకా ప్రతి భూగర్భ గనిలో దుమ్ము పరీక్షల ఫలితాలు కార్మికుల భాషలో గని ముఖద్వారం దగ్గర పెట్టాలి. పొడి చల్లే కార్మికుడికి పర్మినెంట్ ఉద్యోగం, ప్రమాదం కనిపిస్తే పని ఆపించే హక్కు ఇవ్వాలి. మైనింగ్ చదివే విద్యార్థులు పొడి ఎంత శాతం ఉండాలో నేర్చుకుంటారు. దాన్ని చల్లేది ఎవరో, వారి మాట ఎవరు వింటున్నారో కూడా అడగాలి.