ఖాళీ గడికి సున్నాయేనా?

జ్ఞాపకశక్తిని అంచనా వేసే ఎంఎంఎస్‌ఈ పరీక్షకు 30 మార్కులు. చదవడం, వాక్యం రాయడం, బొమ్మ చూసి గీయడం... వీటికి 3. భద్రాచలం ఏజెన్సీలో బడి ముఖం చూడని కోయ అవ్వ ఆ మూడూ చేయలేదు. మిగతా 27లో 22 తెచ్చుకుందనుకోండి. సాధారణంగా 24 కంటే తగ్గితే అనుమానిస్తారు. దామాషా లెక్కన 22ను 30తో హెచ్చించి 27తో భాగిస్తే 24.4. గీత దాటినట్టే!

కానీ ఈ లెక్క అన్నిచోట్లా చెల్లదు. చదువుకున్న మనిషి మతిమరుపు వల్లే రాయలేకపోతే, ఇదే లెక్క జబ్బును దాచేస్తుంది. అందుకే ఎందుకు వదిలేశారో నమోదు చేయాలి. హరియాణాలోని బల్లభ్‌గఢ్‌లో చదువురాని గ్రామీణ వృద్ధుల కోసం పరిశోధకులు పరీక్షనే హిందీలో మార్చి, 1995లో ప్రచురించారు. కోయ అవ్వకూ కావాల్సింది అలాంటిదే. సైకాలజీ, స్టాటిస్టిక్స్ చదివేవారికి ఇక్కడే పని ఉంది.