లినక్స్ మీద మోపిన నింద

లినక్స్ సర్వర్లకూ సూపర్ కంప్యూటర్లకూ సరిపోతుందే గాని ల్యాప్‌టాప్‌కు పనికిరాదని, మూత వేస్తే నిద్రపోదని, నిద్రపోతే లేవదని, వైఫై అందదని, వేలిముద్ర పోల్చుకోదని, ఇవన్నీ ఆ ఆపరేటింగ్ సిస్టమ్ లోపాలేనని ఒక అభిప్రాయం కంప్యూటర్లతో బాగా పరిచయమున్నవారిలో సైతం పాతుకుపోయింది. ఈ ఫిర్యాదుల్లో కొన్ని నిజమే అయినా వాటి మీద కట్టిన తీర్పు మాత్రం పరిశీలనకు నిలవదు.

వైఫై చిప్ కావచ్చు, టచ్‌ప్యాడ్ కావచ్చు, ప్రతి పరికరానికీ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య నిలిచి రెంటినీ కలిపి నడిపించే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఈ డ్రైవర్లను చాలావరకు చిప్ తయారీదారులు రాస్తే, ల్యాప్‌టాప్ కంపెనీ వాటిని ఎంచి, పరీక్షించి, ముందే ఎక్కించి అమ్ముతుంది. కొన్నవారు ఆ శ్రమనంతా విండోస్ గొప్పతనంగా లెక్కగడతారు. లినక్స్‌కు ఆ పని చాలాకాలం బయటివారే చేయవలసి వచ్చింది. బ్రాడ్‌కామ్ తన వైఫై చిప్‌ల సాంకేతిక వివరాలను ఇవ్వకపోవడంతో, ఉన్న డ్రైవర్ ఎలా పనిచేస్తుందో విప్పి చూసి, అంటే రివర్స్ ఇంజనీరింగ్ చేసి, స్వచ్ఛంద ప్రోగ్రామర్లు బి43 అనే డ్రైవర్‌ను రాశారు. ఆ కంపెనీయే కొత్త చిప్‌లకు ఓపెన్ సోర్స్ డ్రైవర్‌ను విడుదల చేసింది 2010లో.

నిద్ర సంగతి ఇంతకన్న చిక్కైనది. ల్యాప్‌టాప్ విద్యుత్ వినియోగాన్నీ నిద్రనూ నియంత్రించే ఏసీపీఐ అనే ప్రమాణాన్ని ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో వెలువరించాయి. దీని ప్రకారం ఆ నియంత్రణకు కావలసిన ఆదేశాల పట్టికలు ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్‌లో, అంటే తయారీదారు బోర్డు మీదే నిక్షేపించిన ప్రోగ్రాములో ఉంటాయి. లినక్స్ ఈ ప్రమాణం వల్ల శ్రమ లేకుండా లాభపడుతుందేమోనని, దీన్ని ఎలాగైనా విండోస్‌కే పరిమితం చేయలేమా అని బిల్ గేట్స్ 1999 జనవరిలో రాసిన అంతర్గత లేఖ తర్వాత అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జరిగిన వ్యాజ్యంలో బయటపడింది. ఆ ఆలోచన అమలైందని చెప్పడానికి ఆ లేఖ ఒక్కటే చాలదు. అయితే అమలు చేయవలసిన అవసరమే లేకపోయింది: తయారీదారులు పట్టికలను విండోస్ మీద మాత్రమే పరీక్షించి వదిలేయడం అలవాటు చేసుకున్నారు. ఫర్మ్‌వేర్ ‘నీవు ఫలానా విండోస్‌వా’ అని అడిగినప్పుడు లినక్స్ కెర్నల్, అంటే ఆ వ్యవస్థకు మూలమైన ప్రోగ్రాము, ఔనని, ‘నీవు లినక్స్‌వా’ అని అడిగితే కాదని జవాబిస్తుంది. నిజం చెబితే ఎవరూ పరీక్షించని దారిలో పడి యంత్రం చెడుతుందన్న అనుభవమే ఈ మారువేషానికి కారణం. సొంత పేరు చెప్పుకునే వీలు కూడా లేని వ్యవస్థను పొందిక లేనిదని నిందించడం విడ్డూరం.

2013లో కొన్ని శాంసంగ్ ల్యాప్‌టాప్‌లు లినక్స్‌ను ఎక్కించబోతే మళ్లీ ఆన్ కాకుండా మూలపడ్డాయి. నింద వెంటనే లినక్స్ డ్రైవర్ మీద పడింది. కొద్ది రోజులకే మాథ్యూ గారెట్ అనే కెర్నల్ ప్రోగ్రామర్, ఫర్మ్‌వేర్ తన అమరికలు దాచుకునే చోటును విండోస్ నుంచి నింపినా అదే ప్రమాదం జరుగుతుందని నిరూపించాడు.

విమర్శకులకు ఇంతకన్న బలమైన వాదన ఒకటుంది. డ్రైవర్లు కెర్నల్‌తో మాట్లాడే పద్ధతిని లినక్స్ స్థిరంగా ఉంచదు గనుక కంపెనీలు విసిగి తప్పుకుంటున్నాయని, తప్పు లినక్స్‌దేనని వారంటారు. కెర్నల్ వెలుపల డ్రైవర్‌ను గోప్యంగా ఉంచుకోదలచిన కంపెనీకి ఇది నిజంగానే తలనొప్పి. అయితే డ్రైవర్‌ను కెర్నల్‌లో చేర్చితే, పద్ధతి మార్చినవారే దాన్నీ సరిదిద్దుతారు. అందువల్లనే తయారీదారు మరచిపోయిన పరికరాలు సైతం లినక్స్‌లో ఏళ్ల తరబడి పనిచేస్తాయి. ఇందుకు భిన్నంగా 2021లో వచ్చిన విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌నూ కొత్త తరం ప్రాసెసర్‌నూ షరతుగా పెట్టి, చక్కగా నడుస్తున్న ల్యాప్‌టాప్‌లను అర్హత లేనివిగా తేల్చింది. ఆనాడు విండోస్‌కు పరికరాలతో పొసగదని ఎవరూ అనలేదు.

వేలిముద్ర సెన్సర్లలో చాలావాటికి, ఇంటెల్ ఐపీయూ6 అనే చిత్ర ప్రాసెసింగ్ విభాగం మీద ఆధారపడిన కెమెరాలకు లినక్స్‌లో ఇబ్బందులు ఎదురైన మాట కాదనలేనిది. అయినా 2011 నుంచి శాంసంగ్, ఏసర్, తర్వాత హెచ్‌పీ, లెనోవో అమ్ముతున్న క్రోమ్‌బుక్‌లలో ఉన్నది ఇదే లినక్స్ కెర్నల్. తయారీదారు ముందే బాధ్యత తీసుకున్నందువల్ల అక్కడ నిద్ర, టచ్‌ప్యాడ్, వైఫై ఎవరికీ సమస్యగా తోచవు. ఇందుకు విరుద్ధంగా, లెనోవో యోగా 900 రకంలో ఒక నమూనా మీద 2016లో లినక్స్‌కు డిస్కే కనిపించలేదు, ఎందుకంటే డిస్కును ఇతర వ్యవస్థలు గుర్తించే సాధారణ అమరికను ఎంచుకునే అవకాశాన్ని కంపెనీ ఫర్మ్‌వేర్‌లో ఇవ్వలేదు. విమర్శలు చెలరేగాక లెనోవో ఆ అమరికతో మరో బయోస్‌ను, అంటే ఫర్మ్‌వేర్‌ను, విడుదల చేయగానే, లినక్స్‌లో ఒక్క పంక్తి మార్చకుండానే, ఆ డిస్కు కనిపించింది.