కేబులు తెగినప్పుడు ఎవరి మాట ముందు?

టాటానగర్ జంక్షను నుండి తూర్పున ఖరగ్‌పూరుకు, పడమట చక్రధర్‌పూరుకు, ఉత్తరాన పురూలియాకు, దక్షిణాన బాదాంపహాడ్‌కు పట్టాలు పోతున్నవి. ప్రధాన మార్గములలో పట్టాల ప్రక్కనే, నేలలో, ఆప్టికల్ ఫైబర్ కేబులు పోతున్నది. ఉక్కు కర్మాగారమునకు ఇనుప ఖనిజము తెచ్చే గూడ్సు కదలాలన్నా, జంషెడ్‌పూరులో స్థిరపడిన తెలుగు కుటుంబము విజయనగరమునకు టిక్కెట్టు కొనుక్కోవాలన్నా ఆ కేబులు పనిచేస్తూ ఉండవలసిందే.

ఒకే మార్గముపై అనేక సంభాషణలను నడిపించే యంత్రమే మల్టీప్లెక్సరు. దాని ప్రాథమిక శ్రేణిలో సెకనుకు 20,48,000 బిట్ల ప్రవాహము 32 భాగములుగా పంచబడుతుంది. ఒకటి కాలమును సరిచూచుకొనుటకు, ఒకటి సంకేతములకు పోగా 30 ఛానెళ్లు మిగులుతవి. కంట్రోలరు లైను, గేటు టెలిఫోను, టిక్కెట్ల కౌంటరు డేటా, అధికారి గారి గదిలోని టెలిఫోను, అన్నీ ఆ ఒక్క పెట్టెలోని ప్రయాణికులే.

పొక్లెయినుకు భయపడని కేబులు ఈ దేశములో లేదు. కేబులు తెగిననాడు వలయాకారపు ఏర్పాటు ఉన్నచోట, 50 మిల్లీసెకనులలో, అనగా సెకనులో ఇరవయ్యవ వంతులో, ప్రవాహము రెండవ దారికి మళ్లుతుంది. మెచ్చుకోదగిన పనితనమే. అయితే రెండవ దారిలో అంతే చోటు ఉండవలె. 30 ఛానెళ్లు పోవలసినచోట 10కి మాత్రమే చోటు ఉన్నదనుకొందము. యంత్రము తనలో వ్రాసిపెట్టిన ప్రాధాన్య పట్టికను చూచి, అడుగున ఉన్నవానిని దింపివేస్తుంది. మాటలను 64 కిలోబిట్ల నుండి 32కు కుదించి, ఒకరి చోటులో ఇద్దరిని కూర్చుండబెట్టవచ్చును. టిక్కెట్ల కంప్యూటరు డేటాను ఆ విధముగా కుదించరాదు.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేది పట్టిక. దానిని వ్రాసినవారెవరు? ఎవరినడిగి వ్రాసినారు?

ప్రాధాన్యమునకు మేము వ్యతిరేకులము కాము. ప్రమాదవార్త వచ్చినప్పుడు మిగిలిన సందేశములన్నిటినీ ఆపి దానిని ముందు పంపిన తంతి గుమాస్తాల వారసులము మనము. 2013 జూలైలో ముగిసిన తంతి సేవలో ఒకప్పుడు ఎక్స్‌ప్రెస్ తంతికి ఒక ధర, సాధారణ తంతికి ఒక ధర ఉండేవి. పంపినవానికి తన వరుస తెలుసు, గుమాస్తాకూ తెలుసు. నేటి పట్టిక తాళము వేసిన గదిలో, యంత్రము కడుపులో ఉన్నది. తపాలా పొదుపు ఖాతా కౌంటరులో పెన్షను రోజున లింకు పోయినప్పుడు ముసలివారికి మల్టీప్లెక్సరు కనిపించదు. కనిపించేది కౌంటరు వెనుకనున్న మన సోదరుని ముఖమే. తిట్లన్నీ అతనికే. పైగా ఆనాటి పని తగ్గిందని సంజాయిషీ అడిగితే అదీ అతనే ఇచ్చుకోవలె!

కంట్రోలరు, బ్లాకు, గేటు, ఎమర్జెన్సీ టెలిఫోనులకు ప్రథమ స్థానముండవలె. ఏ వీడియో ప్రవాహమూ, ఏ పర్యవేక్షణ తెరా వాటికంటె పైన చేరరాదు. లెవెల్ క్రాసింగు వద్ద రాత్రి ఒంటరిగా ఉన్న గేటుమేనుకు ఆ టెలిఫోనే దిక్కు. దీనిపై బేరము లేదు. ఆ తరువాత వరుసను మాత్రము కౌంటరులో పనిచేసేవారిని సంప్రదించి నిర్ణయించవలె, నిర్ణయించిన పట్టికను స్టేషనులోను, తపాలా కార్యాలయములోను అందరికీ తెలియునట్లు ఉంచవలె. లింకు లేని గంటలను ఉద్యోగి ఖాతాలో వ్రాయరాదు.

రెండు దారులనూ ఒకే గోతిలో వేసి రెండున్నవని చెప్పుకొనుట మరొక వింత. ఒక్క గడ్డపార దెబ్బకు రెండూ పోతవి. కాగితముపై చూచి తృప్తిపడక, సిబ్బంది సమక్షమున, పగటివేళ, ఒక దారిని కావాలని ఆపి పరీక్షించవలెనని కోరుతున్నాము. మొదటి దారి బాగైన వెంటనే యంత్రము తిరిగి దానిపైకి పోదు. సాధారణముగా 5 నుండి 12 నిముషములు నిలకడ చూస్తుంది. ఆ వ్యవధి ఎంతో కౌంటరులోని గుమాస్తాకు ముందుగా తెలిపితే, వరుసలో నిలుచున్నవారికి అతడు ఏదో ఒక సమాధానము చెప్పగలుగుతాడు.