దిగని దేశమునకు దరఖాస్తు

భారతీయుడు బార్బడోస్ ద్వీపమునకు పోదలచినచో ఆ దేశమువారు వీసా అడుగరు. తమ గుమ్మమును తెఱచియే యుంచినారు. కాని గుమ్మమువఱకు పోవు దారి వారి చేతిలో లేదు, మన చేతిలోను లేదు. ఆ ద్వీపమునకు పోవు విమానములు ప్రధానముగా లండను, న్యూయార్కు, మయామి, టొరాంటో నగరములనుండి బయలుదేఱును. అచ్చట విమానము మాఱుటకు మనవాడు ముందుగా ఆయా ప్రభుత్వముల యనుమతి సంపాదింపవలయును. దిగని దేశమునకు దరఖాస్తు, ఉండని యూరికి రుసుము, చూడని వీధికి వ్రేలిముద్రలు! ఇంటివాడు రమ్మనుచుండగా దారిలోనివాడు పోరాదనుట యేమి న్యాయమని మేము అడుగుచున్నాము.

బ్రిటనులో సరిహద్దు తనిఖీ దాటక, విమానాశ్రయము లోపలనే విమానము మాఱు భారతీయునకు సహితము వీసా కావలయును. అమెరికా, కెనడావంటి దేశముల వీసా గలవారికి మినహాయింపు కలదు. అనగా భారతీయుని మాటకు విలువ లేదు. మఱియొక సంపన్నరాజ్యము వేసిన ముద్రకు మాత్రము విలువ గలదు. అమెరికాలో పరిస్థితి మఱింత కఠినము. రెండు గంటలు ఆగి వేఱుదేశమునకు పోవువాడును ఇమ్మిగ్రేషను అధికారి యెదుట వరుసలో నిలువవలయును. ఆ వరుస కదలునంతలో రెండవ విమానము లేచిపోయినను అడుగు దిక్కు లేదు. వీసా లేక సాగిపోవు సౌకర్యమును ఆ ప్రభుత్వము 2003 ఆగస్టులో నిలిపివేసినది.

ఇంతటితో తీఱలేదు. తగిన పత్రములు లేని ప్రయాణికుని తెచ్చిన విమానసంస్థపై జరిమానా విధించు చట్టములు కలవు. బ్రిటను 1987లో అట్టి చట్టము చేసినది. అందుచే శంషాబాదులో టిక్కెట్టు చూచు గుమాస్తాయే పరదేశపు సరిహద్దు కాపరి యగుచున్నాడు. అతనికి సందేహము కలిగెనా, విమానమెక్కనీయడు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్న సామెత యిచ్చట అక్షరాల నిజమగుచున్నది.

దారిని అడ్డగించి మనిషిని ఆపు విద్య క్రొత్తది కాదు. స్వదేశమునుండి ఎడతెగని ప్రయాణము చేసి వచ్చినవారినే రానిత్తుమని 1908లో కెనడా శాసించెను. ఇండియానుండి అచ్చటికి తిన్నగా పోవు ఓడ లేదని యెఱిగియే చేసిన శాసనమది. 1914 మే 23వ తేదీన 'కొమగాట మారు' ఓడ 376 మందితో వాంకూవరు చేరగా, వారిలో మిక్కిలి కొలదిమందిని తప్ప రేవు దిగనీయక, రెండు నెలలకు త్రిప్పి పంపిరి. తిరిగివచ్చినవారికి బడ్జ్ బడ్జ్ రేవున బ్రిటిషు తుపాకులు స్వాగతమిచ్చెను. 2016లో కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. కాని క్షమాపణ చెప్పిన రాజ్యమును, దాని పొరుగువారును నేటికిని దారిమధ్య మనలను ప్రశ్నించుచునే యున్నారు.

ఇదంతయు రక్షణకొఱకని కొందఱందురు. దొంగదారిని చొరబడువారు కలరు, మేము కాదనము. కాని కాపలాగల గదిలో, కెమెరాల యెదుట, చేతిలో రెండవ టిక్కెట్టుతో కూర్చున్నవానిని పాస్‌పోర్టును చూచియే దోషిగా నెంచుట రక్షణ కాదు, అవమానము. మన విమానాశ్రయము దాటక 24 గంటలలోపల సాగిపోవు విదేశీయులను మనము సాధారణముగా వీసా అడుగుట లేదు. మనకు లేని భయము వారికేల?

1947 నాటి గాట్ ఒడంబడికలోని అయిదవ నిబంధన సభ్యదేశములమీదుగా సరకులు సాగిపోవు స్వేచ్ఛ నిచ్చినది. ఆ ఒడంబడికలో బ్రిటను, అమెరికా, కెనడాలతోపాటు మనమును మొదటనే చేరితిమి. గుంటూరు మిరపబస్తాకు గల హక్కు ఆ మిరప పండించిన రైతుబిడ్డకు లేకపోవుట యెంత వింత!

పట్టుదల యున్నచో తలుపు తెఱచుకొనును. తన విమానాశ్రయములమీదుగా సాగిపోవు భారతీయులకు వీసా అక్కఱలేదని జర్మనీ 2026 జనవరిలో ప్రకటించినది. జర్మనీకి సాధ్యమైనది తక్కినవారికి అసాధ్యమెట్లగును? భారత ప్రభుత్వమువారు ఆ మూడు రాజ్యములతో జరుపు ప్రతి సంప్రదింపులోను ఈ సంగతిని సుంకములతో సమానముగా వాదింపవలయును. మనము కోరునది భిక్ష కాదు; మనము వారికిచ్చిన మర్యాదను వారు మనకు తిరిగి యిచ్చుటయే.