చర్విత చర్వణమా?

కొనసాగింపు చిత్రానికి సంగీతం సమకూర్చడం కత్తిమీద సాము. పాత బాణీలను విడిచిపెడితే కథాసూత్రం తెగుతుంది. వాటినే పట్టుకొని వేలాడితే చర్విత చర్వణమన్న నింద తప్పదు. 2002లో విడుదలైన కాల్పనిక గాథాచిత్రం ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్: ది టూ టవర్స్’తో హోవర్డ్ షోర్ ఈ పరీక్షనే ఎదుర్కొన్నారు.

మాయా ఉంగరాన్ని నాశనం చేయ బయలుదేరిన తొమ్మిదిమంది ఐక్యతను మొదటి భాగంలో ఒక బాణీ చాటింది. రెండవ భాగంలో ఆ బృందం చెల్లాచెదురైంది. బాణీ కూడా తునకలుగానే వినిపిస్తుంది. ఆశ్వికుల రాజ్యమైన రోహన్‌కు మాత్రం నార్వే జానపద వాద్యమైన హార్డాంగర్ ఫిడేలుతో కొత్త బాణీ కట్టారు. వాయించే తీగల అడుగున ప్రతిధ్వనించే తీగలు గల ఆ వాద్యం, లండన్ ఫిల్‌హార్మనిక్ వాద్యబృందపు గంభీర ఘోష నడుమ ఒంటరి గొంతులా పలికి, క్షీణించిన రాజ్యపు వేదనను వినిపించింది.

మొదటి, మూడవ భాగాల సంగీతానికి 2002, 2004 సంవత్సరాలలో ఆస్కార్ పురస్కారాలు లభించాయి. రెండవ భాగపు సంగీతానికి నామినేషన్ సైతం దక్కలేదు. ఇది సమంజసమేనా?

తెలుగు పాటలో చరణం ముగియగానే పల్లవి తిరిగి వస్తుంది. మాటలు అవే అయినా, చరణం తెచ్చిన అనుభవంతో వాటి అర్థం గాఢమవుతుంది. దానిని పునరుక్తి అని ఎవరూ నిందించరు. చిత్రసంగీతానికీ ఆ న్యాయమే వర్తించాలి. పాత బాణీ మళ్లీ వినిపించడమే లోపమనేవారు, అది ఏ మార్పుతో తిరిగి వచ్చిందో ముందుగా చెవియొగ్గి వినాలి.